రోడ్డు మీద దుమ్ము

షెరీఫ్ రాయిస్ కోర్టు కాగితం పట్టుకుని తుపాకుల కోసం వస్తానన్నాడు. ఒక్కడినే వస్తానన్నాడు, ఒక్కడే వస్తాడని ఏముంది, వెనకాల ఇంకెన్ని బళ్ళొస్తాయో, ఫోను ఎత్తినవాడు మొగుడు మెరిల్, విన్నవాడు మెరిల్, "రా, నేనెక్కడికీ పోను" అని ఒక్క మాట అని పెట్టేసి తుపాకుల బీరువా తాళం తిప్పినవాడు మెరిల్, నదీన్ మాత్రం సింకు దగ్గర నిలబడి కడిగిన పళ్ళేన్నే మళ్ళీ కడుగుతోంది. పంపు నీళ్ళ చప్పుడులో కూడా ఆ తాళం చప్పుడు ఆమె చెవిన పడింది. పెళ్ళయి ఈ పశువుల కొట్టాల మధ్యకి కాపురానికొచ్చిన నాటి నుంచీ వింటున్న చప్పుడే. జింకల వేట మొదలయ్యే రోజున, నక్కలు దూడల మీదకొచ్చినప్పుడు, కాలు విరిగిన గుర్రాన్ని బాధ నుంచి తప్పించాల్సి వచ్చినప్పుడు. వంటింట్లో గరిటె చప్పుడెంతో ఈ ఇంట్లో అదీ అంతే. దానికి ఏనాడూ ఒళ్ళు జలదరించలేదు. ఇవాళ మాత్రం చేతిలో పళ్ళెం జారి సింకులో పడింది, పగల్లేదు, పగిలితే బాగుండేదేమో, పగిలితే అతను లోపలికొచ్చి ఏమైందని అడిగేవాడేమో, అడిగితే చెప్పేసేదేమో.

జాలీ తలుపులోంచి అతని వీపు కనిపిస్తోంది. వరండాలో చెక్క కుర్చీ, మోకాళ్ళ మీద అడ్డంగా రైఫిల్, పక్కన నేల మీద తూటాల డబ్బా, కాళ్ళ దగ్గర కుక్క. ముంగిట్లో స్తంభానికి జెండా వేలాడుతోంది, గాలి లేదు, పడమటి కొండల్లో అడవి కాలుతున్న పొగ వారం రోజులుగా లోయలో కూర్చుని కదలట్లేదు, సూర్యుడు మాసిన నాణెంలా ఉన్నాడు. ఆ వీపు చూస్తే చాలు, అతనేమనుకుంటున్నాడో తెలిసిపోతుంది. నోరు మూయించడానికి వస్తున్నారనుకుంటున్నాడు. తాతల నాటి నుంచీ ఆవులు మేసిన బీడు ప్రభుత్వానిదట, ఈ ఏడు సగం ఆవుల్నే మేపాలన్నారు, మిగతా సగం అమ్ముకోవాల్సి వచ్చింది, లారీ ఎక్కుతున్న ఆవుల్ని ఒక్కొక్కదాన్నీ పేరు పెట్టి పిలిచి మరీ ఎక్కించాడు. తర్వాత కౌంటీ సమావేశంలో లేచి నిలబడి, మీ ఆఫీసు పుట్టకముందే మా తాత ఆ కంచె వేశాడు అని బీడు భూముల పెద్దాఫీసరు మొహమ్మీదే అన్నాడు. చప్పట్లు కొట్టారు జనం. ఇంటికొచ్చేదాకా పికప్‌లో ఒక్క ముక్క మాట్లాడలేదు. ఆ సమావేశానికి ఇది జవాబనుకుంటున్నాడు. అతని లెక్క అది. ఎవరు మాత్రం అలా అనుకోరు?

రాయిస్ అయినా మాట తప్పేవాడా అని కూడా అనుకుంటూ ఉంటాడు. షెరీఫ్ ఎన్నికలప్పుడు పశువుల ప్రదర్శన మైదానంలో వేదికెక్కి, గుండె మీద చెయ్యేసుకుని, రాజధానిలో వాళ్ళు ఏ చట్టమైనా చేసుకోనీ, ఈ కౌంటీలో ఏ ఇంట్లోంచీ ఒక్క తుపాకి కూడా నేను పట్టుకుపోను అన్నాడు రాయిస్. ఆ రోజు అరచేతులు ఎర్రబడేదాకా చప్పట్లు కొట్టినవాళ్ళలో నదీన్ కూడా ఉంది. ఊరికే కొట్టలేదు, నమ్మి కొట్టింది. మన ఇంట్లో ఏముండాలో చెప్పడానికి వాళ్ళెవరు? ఇప్పటికీ నమ్ముతుంది.  నమ్ముతూనే కిందటి వారం దూడలకి టీకా మందు తేవాలని అబద్ధం చెప్పి, ఒక్కతే కారు నడుపుకుంటూ కోర్టుకెళ్ళి, కుడి చెయ్యి పైకెత్తి, మా ఇంట్లోకొచ్చి తుపాకులు తీసుకెళ్ళండి అని అడిగొచ్చింది.

తనకి కూతురు కాగల వయసు ఆ జడ్జిది. కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకుని మెల్లిగా అడిగింది, ఆయన ఎవరికైనా హాని చేస్తారని భయమా అని. ఎవరికీ చెయ్యడు అంది నదీన్. మిమ్మల్ని ఎప్పుడైనా కొట్టారా? లేదు, ఒక్కసారి కూడా లేదు. మరి?  తనకి, అంది చివరికి, తనకి తను చేసుకుంటాడు. ఆ మాట పెదవి దాటగానే ఏదో పూడ్చిపెట్టిన దాన్ని చేతులారా తవ్వి బయట పడేసినట్టయింది. ఎవరు అడిగారో ఆయనకు తెలుస్తుందమ్మా, దాచడానికి లేదు, అని జడ్జి ముందే చెప్పింది. తెలియనీ అంది అప్పుడు. అప్పుడు ధైర్యంగానే అంది. కోర్టు మెట్ల మీద ధైర్యం వేరు, ఇంట్లో ధైర్యం వేరు.

కోర్టుకెళ్ళడానికి ముందు ఒక రోజు, మధ్యాహ్నం భోజనం చల్లారిపోతోందని అతన్ని వెతుక్కుంటూ వెళ్ళింది. ఆవులు ఈనే షెడ్డులో ఈ కాలంలో ఏ పనీ ఉండదు, అక్కడికెందుకు వెళ్ళిందో కాళ్ళకే తెలియాలి. బోర్లించిన బకెట్ మీద కూర్చుని ఉన్నాడు మెరిల్. మోకాలి మీద పిస్టల్. రెండో చెయ్యి కుక్క తల నిమురుతోంది, మెల్లిగా, సెలవు తీసుకుంటున్నట్టు. ఆమెను చూసి, తుడుస్తున్నా అన్నాడు. చుట్టూ చూసింది. గుడ్డ లేదు. నూనె సీసా లేదు. సరే, అన్నం చల్లారిపోతోంది రా అని మాత్రం అనగలిగింది, అతను లేచి వచ్చాడు, బఠానీలు మళ్ళీ వడ్డించమన్నాడు, తిన్నాడు. ఆమె తినలేకపోయింది. ఎందుకంటే డ్వైట్ కూడా తుడుస్తూనే పోయాడన్నారు. మెరిల్ తమ్ముడు డ్వైట్, ఎడారి యుద్ధానికి వెళ్ళొచ్చినవాడు, వెళ్ళేముందు ఇల్లంతా ఎగిరిపోయేలా నవ్వేవాడు, ఆ నవ్వు అక్కడే ఎక్కడో ఇసకలో వదిలేసి మనిషి మాత్రం తిరిగొచ్చాడు. ఆ షెడ్డులోనే పోయాడు. తుపాకి తుడుస్తుంటే పేలిందని మెరిల్ చెప్పాడు, పాస్టరు సమాధి దగ్గర అదే చెప్పాడు, పేపర్లో అదే వేశారు. మర్నాడు బకెట్టూ బ్రష్షూ పట్టుకుని వెళ్ళి ఆ గోడ కడిగింది నదీన్. పాత చెక్క, ఎంత కడిగినా తాగినది తాగినట్టే ఉంచుకుంది. అప్పుడూ అక్కడ గుడ్డ లేదు, నూనె లేదు. ఎవరితోనూ అనలేదు. ఏమని అంటుంది? మెరిల్ తమ్ముణ్ణి రెండు చేతుల్లో మోసుకొచ్చిన మనిషి, అతనికా అబద్ధం కావాల్సి వచ్చింది, ఉండనీ అనుకుంది.

చేయాల్సినవన్నీ చేసి చూసింది ముందు. పాస్టరుతో చెప్తే వచ్చి ప్రార్థన చేశాడు, ఆ తర్వాత ఇద్దరూ గడ్డి ధర గురించి మాట్లాడుకున్నారు. డాక్టరు దగ్గరికి పోదామంటే మెరిల్ నవ్వాడు, అక్కడ నోరు తెరిస్తే కంప్యూటర్లో ఎక్కిస్తారు, ఎక్కించిన వారానికి తుపాకుల కోసం వస్తారు, చూస్తూ ఉండు అన్నాడు. చూస్తూనే ఉంది. అన్నట్టే వస్తున్నారు. అతను భయపడింది భయపడినట్టే, అక్షరం పొల్లుపోకుండా, జరుగుతోంది, జరిపించింది మాత్రం అతని పక్కన పడుకునే మనిషి.

ఆమెకి మాత్రం ప్రభుత్వమంటే నమ్మకమా ఏమన్నా. దక్షిణాన, యూటాలో, నాన్నకి గొర్రెలుండేవి. ఆమె పుట్టకముందటి మాటే గానీ నాన్న ఎన్నిసార్లు చెప్పాడంటే తను చూసినట్టే ఉంటుంది. తెల్లారగట్ల కొండల వెనక ఇంకో సూర్యుడు పుట్టినట్టు వెలుగు, తర్వాత గులాబీ రంగు మబ్బు, ఆరేసిన బట్టల మీద సన్నటి బూడిద. ఏమీ భయం లేదు, దేశం కోసం అణుబాంబు పరీక్షలు చేస్తున్నాం అన్నారు. గొర్రెల మూతులు పుళ్ళు పడ్డాయి, ఉన్ని ఊడిపోయింది, చచ్చిన పిల్లల్నే ఈనాయి. టిక్ టిక్ మనే పెట్టె పట్టుకుని ఒకాయన వచ్చాడట, పెట్టెలో ముల్లు అటు చివరికి కొట్టుకుంటుంటే నాన్న కళ్ళారా చూశాడట, చూస్తుండగానే ఆయన మూత వేసేసి, మేత సరిగా పెట్టట్లేదయ్యా నువ్వు అన్నాడట. అమ్మ గొంతు వాచడం మాత్రం నదీన్ తన కళ్ళతోనే చూసింది. పన్నెండో ఏట. చివరికి అమ్మ నీళ్ళు కూడా చెంచాతో మింగేది. అయినా నాన్న రోజూ పొద్దున్నే జెండా ఎగరేసేవాడు. ఎందుకు నాన్నా అని అడిగితే, జెండా మనదేనే పిచ్చిదానా, కర్ర పట్టుకున్న చెయ్యి ఎవరిదో అది చూసుకోవాలి అనేవాడు. ఇప్పుడుంటే ఏమనేవాడో. కర్ర నువ్వే అందించొచ్చావా అనేవాడా? ఏమో, అమ్మను కాపాడతామని ఎవరైనా అంటే ఆ టిక్ టిక్ పెట్టె మనిషి కాళ్ళైనా పట్టుకునేవాడేమో. భయం ముందు సిద్ధాంతాలెంతసేపు నిలబడతాయి, చెప్పు నాన్నా.

"నదీన్."

అతని గొంతు. తల తిప్పలేదు.

"ఆ?"

"కిటికీల దగ్గర నిలబడకు."

"నిలబడలేదు."

"వెనక గదిలోకి వెళ్ళు. ఏం వినిపించినా బయటికి రావద్దు."

ఏం వినిపించినా. ఏం వినిపిస్తుందో అతనికి తెలుసు, ఆమెకీ తెలుసు, ఈ కొండల్లో అందరికీ తెలుసు ఇలాంటివి ఎలా ముగుస్తాయో. ఉత్తరాన కొండ మీద ఆ ఇంటి సంగతి ఇప్పటికీ పిల్లలకి కథలా చెప్తారు, గుమ్మంలో చంటిబిడ్డనెత్తుకుని నిలబడ్డ తల్లిని ప్రభుత్వం మనుషులు కాల్చి చంపారు, గుమ్మంలో, ఇలాంటి గుమ్మంలోనే. నదీన్ చెయ్యి జాలీ తలుపు చట్రం మీద ఉంది, తీసేసింది, మళ్ళీ పెట్టింది. రాయిస్ అలాంటివాడు కాదు. రాయిస్‌కి పద్నాలుగేళ్ళప్పుడు దూడకి ముద్ర వెయ్యడం నేర్పింది మెరిలే. రాయిస్ మంచివాడే, రాయిస్ చెయ్యి వణికితేనో? మెరిల్ చెయ్యి వణకదు, అదే భయం. కాల్చాలని ఉండదు అతనికి, ఎదుటివాడి చేత కాల్పించుకోవాలని ఉంటేనో?  ఇన్నాళ్ళూ అది తట్టలేదు, కోర్టులో తట్టలేదు, జడ్జి కూడా అడగలేదు. బకెట్ మీద కూర్చోవడం కన్నా ఈ చావు బాగుంటుంది కదా మెరిల్‌కి. తుడుస్తుంటే పేలిందని ఎవరూ అబద్ధం చెప్పక్కర్లేదు. దేశం కోసం, హక్కు కోసం పోయాడంటారు, రాయి మీద పేరు చెక్కుతారు. తను వెళ్ళి తెచ్చిపెట్టింది సాయం అనుకుంది, ఇంత గౌరవమైన దారి ఒకటి తెరిచి పెట్టిందా అతనికి?

రాయిస్ ఒక్కడే అయితే ఏదోలా ఉండును. గేలన్‌కి కూడా ఫోను చేశాడు మెరిల్. గట్టు అవతల ఉంటాడు గేలన్, ఆదివారాలు కంకర గోతి దగ్గర పదిమందిని పోగేసి కవాతు చేయిస్తాడు, ప్రభుత్వం ఎప్పుడో మీద పడుతుందని ఇరవయ్యేళ్ళుగా ఎదురు చూస్తున్న మనిషి, పిలిచేవాళ్ళు లేక ఆగాడు. ఇవాళ పిలిచారు. వస్తున్నాం అన్నాడట. గేలన్ ముందొస్తే రాయిస్‌ని గేటు దాటనివ్వడు. రాయిస్ ముందొస్తే వెనక నుంచి గేలన్ వస్తాడు. అటూ ఇటూ తుపాకులు, మధ్యలో ఈ వరండా.

అప్పుడు కనిపించింది దుమ్ము. ఎండిపోయిన వాగు అవతల, సేజ్ పొదల మీదుగా, సన్నగా తోకలా లేచింది. కుక్క లేచి నిలబడింది. టౌను నుంచొచ్చినా గట్టు అవతలి నుంచొచ్చినా ఈ ఇంటికి చివర్లో అదే మట్టి రోడ్డు, ఆ దుమ్ము ఎవరిదో చెప్పలేం. ఒక బండా, రెండా? పొగమంచులాంటి ఆ పొగలో కళ్ళు చిట్లించి చూసినా తెలియట్లేదు. మెరిల్ రైఫిల్ ఎత్తలేదు గానీ బొటనవేలు సేఫ్టీ మీట మీదకి జరిగింది. ఆ బొటనవేలు చూసింది నదీన్. పెళ్ళిలో ఉంగరం పట్టుకుని వణికిన చేతి బొటనవేలు. వెనక గది ఎటుందో కూడా మరిచిపోయింది, తలుపు తోసుకుని బయటికొచ్చింది, వచ్చి అతని పక్కన కాదు, ముందు నిలబడింది, రోడ్డుకీ అతనికీ మధ్య, వీపు దుమ్ము వైపు పెట్టి.

"పక్కకి జరుగు."

"జరగను. నేనొకటి చెప్పాలి."

"ఇప్పుడా?"

"ఇప్పుడే. మళ్ళీ చెప్పలేను." రైఫిల్ వైపు చూడకుండా అంది. "వాళ్ళు ఆవుల గురించి రావట్లేదు, మెరిల్. సమావేశం గురించి కాదు. నేనడిగాను. కోర్టుకెళ్ళింది నేనే."

అతను ఆమె మొహంలోకి చూశాడు. కోపం వస్తుందనుకుంది, కోపం వస్తే బాగుండు, కోపాన్ని ఓర్చుకోగలదు. రాలేదు. మొహంలో రంగు కిందకి దిగిపోయింది, అంతే, ముసలివాడైపోయాడు ఆ క్షణంలో.

"టీకా మందు కోసమన్నావు."

"అబద్ధం చెప్పాను."

"మన ఇంటికి. వాళ్ళని." ఒక్కో మాటా తడుముకుంటూ అన్నాడు. "మీ నాన్న బిడ్డవి నువ్వు."

"షెడ్డులో గుడ్డ లేదు, మెరిల్. నూనె లేదు. నేను చూశాను."

  వెనకాల ఇంజను చప్పుడు దగ్గరవుతోంది, వీపు మధ్యలో ఒక చోట, అరచేతి మందం మేర, చల్లగా మొద్దుబారిపోయింది, తూటా తగిలితే అక్కడే తగులుతుందని ఒంటికి ముందే తెలిసినట్టు. తిరిగి చూడాలనిపించింది, చూడలేదు. అతని కళ్ళల్లోనే చూడాలి ఎవరొచ్చారో. బండి ఆగింది. తలుపులు, ఒకటి, ఇంకొకటి, ఇంకొకటి. రాయిస్ కాదు. రాయిస్ ఒక్కడైతే ఒక్కటే తలుపు.

గేలన్ గొంతు ఎప్పట్లాగే పెద్దది. రోడ్డు ఖాళీగానే ఉంది, టైముంది మనకి, వీళ్ళిద్దర్నీ గేటు దగ్గర పెడతాను, మేడమ్‌ని లోపలికి పంపించు అన్నాడు. ఆమె కదల్లేదు. వరండా మెట్టు మీద బూటు పెట్టి, రైఫిల్ మోచేతి వంపులో వేసుకుని, కాస్త గొంతు తగ్గించి అడిగాడు:

"ఎవడు చేరేశాడో తెలిసిందా? కోర్టు గడప తొక్కింది ఎవడో మనవాడే అయుంటాడు. పేరు చెప్పు చాలు. ఈ లోయలో వాడికి గుక్కెడు నీళ్ళు పోసేవాడు ఉండడు, నేను చూసుకుంటా."

నదీన్ కళ్ళు మూసుకుంది. ఇదొకటి మిగిలింది అనుకుంది. చర్చిలో పక్క బెంచీ ఖాళీ అవుతుంది, మేత అమ్మేవాడు లేదంటాడు, రాత్రుళ్ళు గేటు దగ్గర బళ్ళు ఆగి ఊరికే లైట్లు వేస్తాయి, ఇంకొకరికి అలా జరగడం చూసింది, ఇల్లమ్ముకుని పోయారు వాళ్ళు. అది కూడా సరే. మెరిల్ ఉంటే అది కూడా సరే. చెప్పేయ్ మెరిల్.

"నేనే," అన్నాడు మెరిల్.

గేలన్ నవ్వబోయాడు.

"నేనే రమ్మన్నాను రాయిస్‌ని. కొన్నాళ్ళు ఇవి నా దగ్గర ఉండకూడదు."

"ఇందాక ఫోన్లో చెప్పింది అది కాదుగా నువ్వు."

"ఇందాక సిగ్గేసింది." రైఫిల్ మోకాళ్ళ మీద నుంచి తీసి, గొట్టం గోడ వైపు ఉండేలా పక్కన ఆనించాడు. "డ్వైట్ తుపాకి తుడుస్తూ పోలేదు, గేలన్."

 గేలన్, డ్వైట్ ఒకే బడిలో చదివారు, ఒకే గుర్రం మీంచి ఇద్దరూ పడ్డారు. గేలన్ టోపీ తీసి, లోపల ఏదో రాసున్నట్టు చూసుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు.

"తెలుసు," అన్నాడు. "అందరికీ తెలుసు." అని తన రైఫిల్ తీసుకెళ్ళి పికప్‌లో పెట్టొచ్చాడు. మిగతా ఇద్దరినీ వాళ్ళవి కూడా పెట్టెయ్యమన్నాడు. వెళ్ళిపోతారనుకుంది, వెళ్ళలేదు, బండికి ఆనుకుని నేల చూస్తూ నిలబడ్డారు, చావింటికొచ్చి ఏం మాట్లాడాలో తెలియని మగవాళ్ళలా.

రాయిస్ ఒక్కడే వచ్చాడు. గేలన్ బండి చూసి గేటు అవతలే ఆపేశాడు, చాలాసేపు దిగలేదు, దిగాక నడుం బెల్టు విప్పి పిస్టల్‌తో సహా బానెట్ మీద పెట్టి, ఉత్తచేతులు కనిపించేలా నడుచుకుంటూ వచ్చాడు. మనిషి మొహం పాలిపోయి ఉంది. అతనికీ భయమే. ఆ నడక చూసి మొదటిసారి ఊపిరి పూర్తిగా లోపలికెళ్ళింది నదీన్‌కి. మెరిల్, మీరు చెప్తేనే లోపలికి వస్తాను అన్నాడు. ఎవరడిగారో చెప్పడానికి నోరు తెరవబోతే మెరిల్ చెయ్యెత్తి, తెలుసు అన్నాడు, అంతే. ఆ మాటకి రాయిస్ ఆమె వైపు ఒక్కసారి చూసి, గేలన్ వైపు చూసి, ఊరుకున్నాడు. బీరువాలోవి ఒక్కొక్కటీ బయటికొచ్చాయి. మోస్తున్నది గేలన్. ప్రతిదాన్నీ దుప్పటిలో చుట్టి కారు వెనక సీటులో పడుకోబెడుతుంటే, ఇవి నా చేతులతో నేనే మోసి పెడతాననుకున్నానా జన్మలో అని గొణుక్కుంటున్నాడు, అయినా మోస్తున్నాడు. ఆమె కోర్టులో చెప్పినవన్నీ అయిపోయాయి. బీరువా ఖాళీ. అయిపోయిందనుకుంది.

"ఇంకొకటుంది," అన్నాడు మెరిల్.

ఎక్కడ అని రాయిస్ అడిగేలోపే మెట్లు దిగి, ముంగిలి దాటి, ట్రాక్టరు షెడ్డులోకి వెళ్ళిపోయాడు. రాయిస్ వెంట అడుగు వేసి ఆగాడు. గేలన్ ఆగాడు. ఇంకొకటి. ఆమెకు తెలియనిది. ఇన్నేళ్ళ కాపురంలో ప్రతి మూలా తుడిచిన మనిషికి తెలియనిది. తను అంతా చెప్పానని ప్రమాణం చేసింది, అతను నోరు విప్పకపోతే అంతా తీసుకెళ్ళారని ఇవాళ హాయిగా నిద్రపోయేది, అతను ఆ షెడ్డులోకి నడిచేవాడు. లోపల చీకటి. ఏదో డబ్బా కదిలిన చప్పుడు. తర్వాత ఏ చప్పుడూ లేదు. పేరు పెట్టి పిలవాలి, నాలుక లేవదు.  నిశ్శబ్దం ఒక్కటే పెరుగుతోంది, ఇప్పుడు వినిపిస్తుంది, ఇప్పుడు, దేవుడా ఇప్పుడు.

బయటికొచ్చాడు. కుడి చేతిలో చిన్న రివాల్వర్, గ్రీజు మరకల గుడ్డలో సగం చుట్టి, గొట్టం నేల వైపు. ఎండలోకి రాగానే కళ్ళు చిట్లించి ఒక క్షణం అక్కడే నిలబడ్డాడు, మళ్ళీ నడిచాడు. రాయిస్ దగ్గరికొచ్చి పిడి అతని వైపు తిప్పి అందించాడు. రాయిస్ తూటాల చక్రం బయటికి తీసి అరచేతిలోకి వంచాడు. ఒక్కటే తూటా పడింది. రాయిస్ దాన్ని చూశాడు, పిడికిలి మూశాడు.

మెరిల్ వరండా మెట్టు మీద కూర్చున్నాడు. ఖాళీ చేతులు మోకాళ్ళ మధ్య వేలాడుతుంటే ఏం చేయాలో తెలియనట్టు వాటినే చూసుకుంటున్నాడు. నదీన్ పక్కన కూర్చుంది. ఆనుకోవాలో వద్దో తెలియలేదు. క్షమించాడో లేదో తెలియదు, ఎప్పటికైనా తెలుస్తుందో లేదో. అవతల గేలన్ బండి తిప్పుతున్నాడు, రాయిస్ కారు ముందు కదిలింది, మట్టి రోడ్డు మీద దుమ్ము మళ్ళీ లేచింది.

"నదీన్," అన్నాడు అతను, రోడ్డు వైపే చూస్తూ. "కొన్నాళ్ళు నన్నొక్కణ్ణే వదలొద్దు."

ఆమె అతని చొక్కా చెయ్యి పట్టుకుంది. దుమ్ము అణిగాక కూడా వదల్లేదు.